సంక్రాంతికి పెద్ద గ్రౌండ్ తెరవడం లేదు

మన బాక్స్ క్రికెట్‌కు (చుట్టూ వల కట్టిన చిన్న గ్రౌండ్‌లో ఆడేది) వచ్చే అందరికీ, పెద్ద గ్రౌండ్ కోసం ముందే అడ్వాన్స్ కట్టిన టీమ్‌లకీ నమస్కారం. "అన్నా, గ్రౌండ్ ఎప్పుడు?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు కాబట్టి నేరుగా చెప్పేస్తున్నా. చంద్రగిరి రోడ్డులో వేస్తున్న గడ్డి గ్రౌండ్ సంక్రాంతికి ఇవ్వలేం. శివరాత్రి దాటాకే. పండక్కి టోర్నమెంట్ పెట్టుకున్నవాళ్లు తిట్టుకుంటారని తెలుసు.

గేటు దగ్గర నిలబడి చూసినవాళ్లు "అంతా పచ్చగానే ఉంది కదా" అంటున్నారు. పైకి పచ్చగానే ఉంది. పిడికెడు గడ్డి పట్టుకుని లాగితే మాత్రం కొన్నిచోట్ల వేరుతో సహా చేతికొచ్చేస్తోంది. దాని మీద స్టడ్స్ (అడుగున ముళ్లున్న బూట్లు) వేసుకుని ఇరవై రెండు మంది గంటన్నర పరిగెడితే చాపలా లేచిపోతుంది. మేం నాటింది బెర్ముడా, వినాయక చవితికి పూజలో పెట్టే గరిక జాతే. దానికి ఎండ కావాలి. మనకేమో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే సూర్యుడు కనపడడు, ఆ వెంటే చలి రాత్రులు. యూరియా చల్లి తొందరపెట్టమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఆకు లేస్తుంది, వేరు దిగదు.

డబ్బూ టైమూ ఎక్కువ తిన్నది గడ్డి కింద ఉన్న పని. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో, స్వర్ణముఖి ఎలా పొంగిందో మీరంతా చూశారు. ఉన్న ఎర్రమట్టి మీదే లెవెలింగ్ చేసి గడ్డి పరిచేస్తే ఒక్క పెద్ద వానకు గ్రౌండ్ వారం రోజులు మూత. అందుకే కాలవలు తవ్వి, చిల్లుల పైపులు పరిచి, వాటిపైన కంకర, ఆపైన అడుగు మందాన ఇసుక వేశాం. మధ్యలో కాస్త ఎత్తు, చుట్టూ వాలు.

ఇసుక దగ్గర పెద్ద టెన్షన్ పడ్డాం. టిప్పర్ రాగానే ఒక పీవీసీ పైపు ముక్క కింద గుడ్డ కట్టి, అందులో ఇసుక కూరి, చెంబుడు నీళ్లు పోసి ఫోన్‌లో టైమర్ పెట్టేవాళ్లం. మంచి ఇసుకైతే చూస్తుండగానే నీళ్లు కిందికి దిగిపోతాయి. ఒక సప్లయర్ పంపిన లోడ్లలో నీళ్లు ఎర్రగా మారి పైనే నిలబడ్డాయి, అంతా మన్ను. వెనక్కి పంపాం, మంచి ఇసుక మళ్లీ దొరికేసరికి నాటే అదును జరిగిపోయింది.

ఇంత అవస్థ ఎందుకు, మళ్లీ ప్లాస్టిక్ టర్ఫే వేసేయొచ్చుగా అంటారా? మన బాక్స్‌లో మే నెల మధ్యాహ్నం ఆడినవాళ్లకు చెప్పక్కర్లేదు. బయట నలభై డిగ్రీలుంటే ఆ పచ్చ కార్పెట్, దాంట్లో చల్లిన నల్ల రబ్బరు గుళికలు అరవై దాటి కాలుతాయి. స్లయిడ్ చేస్తే మోకాలి తోలు అక్కడే. పెద్ద గ్రౌండ్‌కు అది నాకు ఇష్టం లేదు. అలాగని గడ్డి చవక అనుకోకండి. మూడెకరాల చిల్లరకు ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టాలంటే దాదాపు 65,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పదమూడు. బోరు ఉంది కాబట్టి ధైర్యం చేశాం. స్లాట్ రేటు బాక్స్ కంటే ఎక్కువే ఉంటుంది, ఇప్పుడే చెబుతున్నా.

క్రికెట్, ఫుట్‌బాల్ రెండూ ఒకే గ్రౌండ్‌లో అన్నప్పుడు గొడవ పిచ్ దగ్గరే. క్రికెట్‌కు 22 గజాల నల్లమట్టి రోలర్‌తో బండలా గట్టిపడాలి. ఫుట్‌బాల్‌కు అదే చోట మెత్తటి గడ్డి కావాలి. ఎండితే అక్కడ పడ్డవాడికి దెబ్బ, తడిస్తే జారుడు. 2018లో కొచ్చిలో వెస్టిండీస్ వన్డే కోసం ఫుట్‌బాల్ గ్రౌండ్ తవ్వుతారని పెద్ద రభస జరిగి, చివరికి మ్యాచే తిరువనంతపురం వెళ్లింది. మనది ఆ స్థాయి కాదు గానీ సమస్య అదే. మెల్‌బోర్న్‌లో లాగా పిచ్‌ను బయట తయారుచేసి తెచ్చి దించే స్తోమత మనకు లేదు.

కాబట్టి ఏడాదిని పంచేస్తున్నాం. శివరాత్రి నుంచి మే దాకా క్రికెట్. జూన్‌లో పిచ్ మీద గడ్డి ఎక్కించి, జులై నుంచి సెప్టెంబరు దాకా ఫుట్‌బాల్. అక్టోబరు నుంచి వానల మూడు నెలలు, వాన తగ్గిన రోజుల్లో వాకింగ్, చిన్నపిల్లల కోచింగ్ మాత్రమే. గడ్డి ఎక్కించినా మధ్య పట్టీ తేడా ఫుట్‌బాల్ ఆడేవాళ్ల కాళ్లకు తెలుస్తుంది. తెలియదని చెప్పి బుకింగ్ తీసుకోలేను. పిచ్‌లు రెండే వేశాం, ఐదు వేయమన్నవాళ్లు కోప్పడినా సరే.

రోజుకు రెండు మ్యాచ్‌లకు మించి ఇవ్వం. సోమ, మంగళవారాలు గడ్డికి సెలవు. తెలిసినవాళ్లు ఫోన్ చేసి "ఒక్క గంట అన్నా" అన్నా కుదరదు.

సంక్రాంతి టోర్నమెంట్‌కు కట్టిన అడ్వాన్స్ మొత్తం ఈ వారమే వెనక్కి వేస్తాం, ఏ కటింగూ ఉండదు. తేదీ మార్చుకుంటామంటే క్రికెట్ నెలల్లో మొదట అడిగే హక్కు మీదే, పాత రేటుకే. పండగ రోజుల్లో బాక్స్ రెండూ రాత్రి పన్నెండు దాకా తెరిచే ఉంటాయి. ఎవరికి ఏది కావాలో కౌంటర్‌లో చెప్పండి, రసీదు మాత్రం మరచిపోకుండా తీసుకురండి.