వార్షిక నివేదిక: దండలతో సరిపెట్టని ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

అక్టోబరు 2న, జనవరి 30న గాంధీజీ విగ్రహానికి దండ వేసి, రెండు ప్రసంగాలు విని ఇంటికి వెళ్లడమేనా అని గత సర్వసభ్య సమావేశంలో కొందరు నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఈ ఏడాది ఆయన సూక్తులు పక్కన పెట్టి, ఆయన పని చేసిన తీరు చదవాలని కార్యవర్గం నిర్ణయించింది.

ఎక్కువ సమయం బీహార్‌లోని చంపారన్‌కే పోయింది. 1917లో నీలిమందు రైతుల గోడు వినడానికి వెళ్లిన గాంధీజీ ముందు ఉద్యమానికి పిలుపు ఇవ్వలేదు. రాజేంద్ర ప్రసాద్ లాంటి వకీళ్లను కూర్చోబెట్టి వేలాది రైతుల వాంగ్మూలాలు రాయించారు. చెప్పిందల్లా రాసుకోలేదు, ఎదురు ప్రశ్నలు వేసి నిలబడిన మాటే రాసుకున్నారు. పోలీసులు పక్కన కూర్చుని వింటున్నా అభ్యంతరం చెప్పలేదు. చివరకు తోటల యజమానులు అక్రమంగా వసూలు చేసిన దానిలో 25 శాతం తిరిగిస్తామంటే ఒప్పుకున్నారు. ఇది తక్కువ కాదా అని మన సభల్లోనూ గొడవైంది. దొరలు తప్పు ఒప్పుకోవడమే అసలు గెలుపని పెద్దలు, రైతు జేబు సంగతేమిటని కుర్రాళ్లు!

ఈ చదువు మన కాలనీ మురుగుకాలువ దగ్గర అక్కరకొచ్చింది. అర్జీల మీద అర్జీలు పెట్టి విసిగిన కొందరు రోడ్డుకు అడ్డంగా బైఠాయిద్దామన్నారు. ముందు ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకున్నాం, ఫొటోలు తీశాం. విన్నంత మాత్రాన నమ్మి రాసినవి కొట్టేశాం. ఉప్పు సత్యాగ్రహానికి పది రోజుల ముందే, 1930 మార్చి 2న, గాంధీజీ వైస్రాయ్ ఇర్విన్‌కు ఉత్తరం రాసి తాను చేయబోయేది చెప్పారు కదా. మేమూ ఏ రోజు ధర్నా చేస్తామో ముందే రాసిచ్చాం. ధర్నా అవసరం పడలేదు. కాలువ సగం బాగుపడింది, మిగతా సగానికి ఫైలు కదులుతోంది.

సంఘం వాట్సాప్ గ్రూపులో కూడా ఇదే నియమం పెట్టాం: ఎక్కడిదో చెప్పలేని వార్త ఫార్వర్డ్ చేయకూడదు. కొందరు సభ్యులు అలిగి గ్రూపు వదిలేశారు. నియమం మాత్రం కొనసాగుతుంది.

చీరాల యాత్రకు మంచి స్పందన వచ్చింది. 1921లో మున్సిపల్ పన్ను కట్టబోమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్ కట్టుకుని నెలల తరబడి ఉన్నారు. ఎండావానల్లో పాకల్లో బతకడం ఎంత కష్టమో అక్కడ నిలబడి ఆలోచిస్తే, అహింస చేతగానివాళ్ల దారి అనే మాట మళ్లీ నోట రాదు.

అందరూ ఒప్పుకోని సభ కూడా ఒకటి జరిగింది. దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గాంధీజీ నిరాహార దీక్షకు దిగడంతో, అంబేద్కర్ వాటిని వదులుకుని కుదుర్చుకున్న 1932 పూనా ఒప్పందం చర్చకు వచ్చినప్పుడు, అంబేద్కర్‌పై ఆ నిరాహార దీక్ష తెచ్చిన ఒత్తిడిని అహింస అనగలమా అని ఒక సభ్యురాలు అడిగారు. గాంధీజీని సమర్థించినవారి జవాబులు ఆమెను ఒప్పించలేదు. నిజం చెప్పాలంటే కార్యవర్గంలోనూ చాలామందిని ఒప్పించలేదు. వచ్చే ఏడాది అంబేద్కర్ రచనలతోనే మొదలుపెట్టాలని తీర్మానించాం.

జమాఖర్చుల పట్టిక ఈ నివేదికకు జతచేశాం. సభ్యత్వ రుసుము బకాయి ఉన్నవారు కొత్త కార్యవర్గ ఎన్నికకు ముందే చెల్లించగలరు.

ఇట్లు,
కార్యదర్శి