మా పాప ఆపరేషన్‌కి అండగా నిలిచిన అందరికీ దండాలు

నమస్కారం అండీ. మాది చంద్రగిరి. పోయిన నెల తొమ్మిదో తరగతి చదివే మా పాపకు తిరుపతిలో అపెండిక్స్ ఆపరేషన్ అయింది. నిన్ననే మళ్లీ స్కూలుకు పోయింది. అప్పటి కంగారులో ఎవరికీ సరిగా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి రాత్రికి కుడి పక్కకు దిగింది. మొదట చూపించిన చోట గ్యాస్ అని సూది వేసి పంపేశారు. మా అత్త మాత్రం "ఇది 24 గంటల నొప్పే, లేవండి" అని పట్టుబట్టింది. తొలి దండం ఆమెకే.

సర్జన్ గారూ, మూడు చిన్న గాట్లతో ఆపరేషన్ ముగించి, మమ్మల్ని పిలిచి వీడియో చూపించారు. అపెండిక్స్ కోసిన చోట గోరంత పొడవు తెల్లటి దారప్పోగులు మెలికలు తిరుగుతున్నాయి. నులిపురుగులు! స్కానింగులో కనబడలేదు. వాటన్నిటినీ సక్షన్‌తో లాగేసి, ఒక్కటీ మిగల్లేదని చూసుకున్నాకే కుట్లు వేశారట. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పాప ఎన్నాళ్లుగానో రాత్రిళ్లు కూర్చునే చోట దురద అంటుంటే, వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి తాగించాను. ఫిబ్రవరి 10న స్కూల్లో నులిపురుగుల మాత్రలిచ్చే రోజు పెళ్లికని మాన్పించాను. మీరేమో "పిల్లలున్న ఏ ఇంట్లోనైనా వస్తుందమ్మా. రాత్రిపూట బయటికొచ్చి గుడ్లు పెడతాయి, అందుకే మల పరీక్షలోనూ చాలాసార్లు దొరకవు. ఆ గుడ్లు గోళ్లలో, దుప్పట్లలో ఉండిపోతాయి" అన్నారు. ఆ మాట మీరు అనకపోతే ఈ సంగతి మా అమ్మకు కూడా చెప్పేదాన్ని కాదు.

అపెండిక్స్ తీసేస్తే పురుగులు పోవంట. ఇంటిల్లిపాదీ ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకుని, రెండు వారాలకు మళ్లీ ఒకటి వేసుకోవాలి. చీటీ పట్టుకుని మందుల షాపుకు పోతుంటే వార్డు సిస్టర్ వెనక్కి పిలిచి, "ఇంట్లో కడుపుతో ఎవరన్నా ఉన్నారా?" అని అడిగింది. మా తోడికోడలికి మూడో నెల. ఆ నెలల్లో ఈ మాత్ర వేయకూడదని, ముందు ఆమె డాక్టరమ్మను అడగమని ఆపింది. సిస్టరమ్మా, మీరు ఆ ఒక్క మాట అడగడం మా ఇంట్లో అందరం రోజూ తలుచుకుంటున్నాం.

ఇక ఆ రాత్రి 2 గంటలకు మమ్మల్ని తిరుపతికి చేర్చిన ఆటో అన్నా, పాప వాంతి చేసుకుంటే మీ భుజం మీది తువ్వాలు తీసిచ్చారు. బాడుగ కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు. మీ పేరు అడగలేదు, నంబరు తీసుకోలేదు. నీలం గళ్ల తువ్వాలు, ఉడుకు నీళ్లలో ఉతికి మడత పెట్టి ఉంచాను. ఇది చూస్తే ఒక్కసారి చంద్రగిరి రండన్నా.