పొగకు మందు వందేళ్ల కిందటే దొరికింది

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం జిల్లా పేజీలో పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే బట్టీల మీద వార్త వేశారు. చిన్న యూనిట్ల పొగ పూర్తిగా ఆపడం కుదరదు, జనమే సర్దుకోవాలని ఒక అధికారి సెలవిచ్చారట. అప్పట్నుంచీ రాద్దామనుకుంటూ ఇవాళ్టికి కూర్చున్నాను.

హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ని. కుదరదంటే ఒళ్లు మండింది. అమెరికాలో టెనెసీ రాగి కంపెనీల గంధకపు పొగ పక్క రాష్ట్రం జార్జియా అడవుల్ని మాడ్చేస్తుంటే ఆ రాష్ట్రం సుప్రీంకోర్టుకెళ్లి 1907లో గెలిచింది. కంపెనీలేమీ మూతపడలేదు. ఆ పొగనే పట్టి సల్ఫ్యూరిక్ యాసిడ్ చేసి అమ్ముకున్నాయి. అదే రోజుల్లో కాట్రెల్ అనే ఆయన పొగలోని తుంపరనూ దుమ్మునూ కరెంటుతో లాగేసే పరికరం తయారుచేశాడు. దాని తర్వాతి తరమే మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఉంది. బట్టీకి అంత అక్కర్లేదు, గుడ్డ సంచుల ఫిల్టరూ పొగను నీళ్లతో కడిగే స్క్రబ్బరూ పెడతారు. ఖర్చవుతుందంటే ఒప్పుకుంటాను, కుదరదంటే ఎలా?

మా వీధి చివర జరిగేది చెప్తాను. పగలు గొడ్డలితో బ్యాటరీలు పగలగొడతారు, యాసిడ్ కాలవలో పోస్తారు. గట్టు సిమెంటు గోటితో గీకితే సుద్దలా రాలుతోంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి నాలుగిటుకలూ ఒక బ్లోయరూ ఉన్న ప్రతివాడూ ఫ్యాక్టరీ ఓనరే! బ్యాటరీ లోపలి పలకల మీది సీసపు పిండికి మాత్రం బొగ్గేసి గట్టిగా మండించాలి, అసలు పొగ అక్కడే. అది రాత్రి పదయ్యాకే. తెల్లారి మా తులసాకు మీద వేలితో రాస్తే బూడిదరంగు మసి. ఆ సందులో పిల్లలు గోళీలాడతారు. సీసం పిల్లల మెదడుకెంత చేటో తెలిసే కదా 2000 నాటికి దేశమంతా పెట్రోల్లోంచి తీసేశారు!

పాత బ్యాటరీల మీద 2001లో ఒకసారి, 2022లో మళ్లీ రూల్సు రాశారు. ఎవరు చూడొచ్చారు? రెండుసార్లు ఫిర్యాదిచ్చాను. తనిఖీ వాళ్లొచ్చేసరికి బట్టీ చల్లగా ఉంటుంది, పక్కన ముగ్గు కూడా! తర్వాత నా ఫోన్‌కి "సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్. ఈమధ్య అన్ని ఆఫీసుల్లోనూ ఇంతే, గుంత పూడ్చకుండానే ఫోటో అప్‌లోడైపోతుంది. ఒకప్పుడు కనీసం అబద్ధం చెప్పడానికైనా మనిషి వచ్చేవాడు.

ఆ అధికారి గారు ఏ రాత్రైనా పది దాటాక రావచ్చు. మా డాబా మీద కుర్చీ వేస్తాను. అప్పటిదాకా తులసి మొక్క కడగను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు,
పటమట, విజయవాడ