క్రీడా విభాగం వార్షిక నివేదిక 2025-26: ఒక బోనస్ పాయింటు కథ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన క్రీడా విభాగం వేసవి సెలవుల్లో షటిల్ క్లాసులు, చలికాలంలో అమ్మాయిల ఖోఖో, పద్నాలుగేళ్ళ లోపు అబ్బాయిల కబడ్డీ నడిపింది. షటిల్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పిల్లలు వచ్చారు, ఆడారు, రెండు రాకెట్లు విరిగాయి. ఖోఖో బ్రహ్మాండంగా జరిగింది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్‌లో మన అమ్మాయిలు, అబ్బాయిలు ఇద్దరూ గెలిచారు కదా, ఆ ఊపు ఇంకా తగ్గలేదు. ఇక మిగిలింది కబడ్డీ. అందులో ఒక సెమీఫైనల్ పాయింటు మీద వాట్సాప్ గ్రూపులో ఎవరికి తోచింది వాళ్ళు రాసేశారు కాబట్టి, కార్యదర్శిగా జరిగింది జరిగినట్టు చెప్పడం నా బాధ్యత. ముందే ఒప్పుకుంటున్నాను, మొదటి తప్పు నాదే.

సంక్రాంతి తర్వాతి ఆదివారం, బెంగళూరులో మారతహళ్ళి వైపు ఒక స్కూలు మైదానం. పొద్దున్నే గజగజలాడించే చలి. కోర్టు గీతలకు తెచ్చిన సున్నం మధ్యలోనే అయిపోతే, ఒక సభ్యురాలు ఇంటికి పరిగెత్తి పండక్కి మిగిలిన ముగ్గుపిండి తెచ్చారు. పదకొండు మీటర్లు, ఎనిమిది మీటర్ల చిన్న కోర్టే అయినా గీతలకు పిండి బాగానే తింటుంది. ఒక పక్క బోనస్ గీత, అంటే కూతకెళ్ళినవాడు దాటితే అదనపు పాయింటు తెచ్చే గీత, పూర్తిగా ముగ్గే. మధ్యాహ్నానికి పిల్లల కాళ్ళ కింద అది సగం చెరిగిపోయింది.

రెండో సెమీఫైనల్, ఆఖరి నిమిషం, స్కోరు సమం. ఒక కుర్రాడు కూతకు వెళ్ళాడు. బోనస్ గీత అవతల కాలు మోపి, వెనక కాలు గాల్లోకి లేపి, ఎవరికీ చిక్కకుండా తిరిగొచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా "బోనస్, బోనస్" అని అరిచారు. స్కోరు బల్ల దగ్గర ఉన్నది నేను. రాసేశాను. కబడ్డీ తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, అవతలి పక్క కనీసం ఆరుగురు ఉంటేనే బోనస్. అప్పుడు ఉన్నది ఐదుగురు. రిఫరీ బొటనవేలు ఎత్తనే లేదు. నేను ఆయన చెయ్యి చూడకుండా జనం అరుపులు విని రాశాను. ఆ ఒక్క పాయింటు తేడాతో మ్యాచ్ ముగిసింది. హడావుడిలో రిఫరీ కూడా కింద మొత్తం చూసి సంతకం పెట్టారు. కెప్టెన్లూ పెట్టారు.

పావుగంటకి ఓడిన జట్టులో ఒకబ్బాయి వాళ్ళ అమ్మగారు ఫోన్ పట్టుకుని వచ్చారు. గొడవ చెయ్యలేదు. వీడియో ఆపి, కోర్టులో ఉన్న పిల్లల్ని వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టి చూపించారు. ఐదు. రిఫరీ సార్ తల పట్టుకున్నారు. సంతకాలయ్యాక తాను దిద్దలేనని, నిర్వాహకులే తేల్చుకోవాలని కన్నడంలో చెప్పారు. నిర్వాహకులంటే మేమే. అలాంటప్పుడు ఏం చెయ్యాలో మా దగ్గర ఒక్క ముక్క రాసి లేదు. "స్వల్ప అడ్జస్ట్ మాడి", అంటే కాస్త సర్దుకోండి, అన్నారు మనవాళ్ళలో ఒకరు. ఈ ఊళ్ళో ఆటో దగ్గర్నుంచి ఇంటి అద్దె దాకా పనికొచ్చే ఆ మాట స్కోరు కాగితం మీద పనిచెయ్యలేదు.

ఆ రాత్రి కార్యవర్గం వాట్సాప్‌లోనే ఓట్లు వేసి, మ్యాచ్ మళ్ళీ ఆడించాలని తేల్చింది. ఓటు వేసిన ఐదుగురిలో ముగ్గురి పిల్లలు ఆ రెండు జట్లలోనే ఉన్నారు. నా మేనల్లుడు గెలిచిన జట్టులో ఉన్నాడు, నేనూ ఓటేశాను. స్కోరు తప్పు రాయడం కంటే ఇది పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. గెలిచిన జట్టు మళ్ళీ ఆడనంది. ఓడిన జట్టునే ఫైనల్‌కి పంపాం. గెలిచిన పిల్లలు గీత బయట నిలబడి, యూనిఫాంలోనే, ఆ ఫైనల్ చూశారు. నా మేనల్లుడు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

మనం పిల్లల ఆటలో తడబడ్డాం సరే, పెద్దల ఆటలోనూ ఇది జరిగింది. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కబడ్డీ ఫైనల్‌, భారత్, ఇరాన్ 28-28. అప్పుడు కూతకు వెళ్ళిన పవన్ సెహ్రావత్, మన బెంగళూరు బుల్స్‌కీ ఆడినవాడు, తెలుగు టైటాన్స్‌కీ ఆడినవాడు, ఎవరినీ తాకకుండానే లాబీలోకి, అంటే ఎవరినైనా తాకాకే అడుగుపెట్టాల్సిన కోర్టు పక్క పట్టీలోకి, వెళ్ళాడు. ఇరాన్ డిఫెండర్లు వెంటపడి వాళ్ళూ లాబీలోకి వెళ్ళారు. ఒక నియమం ప్రకారం కూతగాడొక్కడే అవుట్, ఇంకో నియమం ప్రకారం వెంటపడినవాళ్ళూ అవుట్. ఏ పుస్తకం చూడాలన్న దగ్గరే పేచీ. దాదాపు గంటసేపు ఆట ఆగింది, నిర్ణయం అటూ ఇటూ మారింది, చివరికి భారత్ 33-29తో గెలిచింది. మన పిల్లలకి కబడ్డీ అంటే టీవీలో చూసిందే. పీఈటీ సార్లు నేర్పేది ఇంకొకటి. రిఫరీల దగ్గర ఉన్నది మరొకటి.

అందుకని ఫిబ్రవరిలో మూడు ఆదివారాలు కూర్చుని రెండు పేజీల నియమావళి రాశాం. ఏ నియమాల పుస్తకం ప్రకారం ఆడతామో డ్రా తీసే రోజే చెబుతాం. తాకాడా లేదా, గీత దాటాడా లేదా అన్నది రిఫరీ మాటే, దానికి ఫోన్ వీడియో చూడం. స్కోరులో కూడిక తప్పో, ఇవ్వని పాయింటు రాయడమో జరిగితే మాత్రం సంతకాలకు ముందు దిద్దవచ్చు, సంతకాలకు ముందు ఇద్దరు కెప్టెన్లకూ కాగితం చదివి వినిపించాలి. అభ్యంతరం ఉంటే అరగంటలోపు కాగితం మీద రాసివ్వాలి. తేల్చేది ముగ్గురు, ఆ ముగ్గురికీ రెండు జట్లలో బంధుత్వం ఉండకూడదు. ఆఖరి వాక్యం మీదే చర్చ ఎక్కువ నడిచింది. మన సంఘంలో ఎవరికి ఎవరు చుట్టం కాదో కనుక్కోవడమే కష్టమని అధ్యక్షులవారు నవ్వారు.

వయసు గురించి. ఆధార్ కార్డు చూపించి "చాలదా" అని అడిగినవాళ్ళు చాలామంది. చాలదు. ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది. జనన ధ్రువపత్రం, స్కూలు ధ్రువపత్రం రెండూ తీసుకుంటున్నాం. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కగట్టే పద్ధతి క్రికెట్ బోర్డు లాంటి చోట్ల ఉంది. ముగ్గుపిండితో గీతలు వేసుకునే మనకి అంత అవసరం లేదు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో 14, 17, 19 ఏళ్ళ లోపు విభాగాలు ఉన్నాయి, మనం కూడా వచ్చే ఏడాది నుంచి అవే పాటిస్తాం.

డబ్బు విషయం ఖజానాదారు విడిగా ఇస్తారు. నేను ఒక్కటే చెబుతాను, ఈ ఏడాది ట్రోఫీల మీద పెట్టిన ఖర్చు రిఫరీలకిచ్చిన దానికి రెండింతలు. సిగ్గుపడాల్సిన లెక్క ఇది. ఆ రోజు బూతులు పడ్డ ఇద్దరు అంపైర్లు వచ్చే ఏడాది రామని చెప్పేశారు. ఇది ఒక్క మన గోల కాదు. అమెరికాలో హైస్కూలు ఆటలకు నియమాలు రాసేది నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ స్టేట్ హైస్కూల్ అసోసియేషన్స్, 1920 నుంచి ఉన్న సంస్థ. 2018-19 తర్వాత అక్కడ దాదాపు 50 వేలమంది రిఫరీలు, అంపైర్లు మానేశారని ఆ సంస్థే చెప్పింది. తల్లిదండ్రుల నోటిదురుసు అందుకు ఒక పెద్ద కారణం. వచ్చేసారి గీతకి మూడు మీటర్ల దూరంలో తాడు కడతాం. తాడు దాటిన పెద్దలకి మొదట హెచ్చరిక, రెండోసారి గేటు బయటికి. హోదాతో సంబంధం లేదు.

2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం పెద్ద సమాఖ్యలకే, మనకి వర్తించదు. అయినా అందులో ఒక మాట మా కార్యవర్గంలో గుచ్చుకుంది. సమాఖ్య కార్యవర్గంలో 15 మందికి మించి ఉండకూడదు, అందులో కనీసం నలుగురు మహిళలు ఉండాలి. మేం తొమ్మిదిమంది, తొమ్మిదిమందీ మగవాళ్ళమే. ఈ సర్వసభ్య సమావేశంలో మూడు స్థానాలు మహిళలకు కేటాయించే తీర్మానం పెడుతున్నాం.

స్కోరర్లకు మే నెలలో రెండు శనివారాలు శిక్షణ ఉంటుంది. వీడియో పట్టుకొచ్చిన అమ్మగారు మొదటి పేరు ఇచ్చారు. స్కోరు పుస్తకం, పెన్ను, ఆ రోజు నేను కొట్టేసి దిద్దని ఆ పేజీతో సహా ఆవిడకి అప్పజెప్పాను.

కార్యదర్శి, క్రీడా విభాగం