ఏడాది దాటితే గ్రిఫిన్ కాదు

ఎడిటర్ గారికి,

ఒడిశా తెలుగువారి మీద మీరు వేసిన ఆదివారం వ్యాసం చదివాను, బాగానే రాశారు గానీ అడుగడుగునా "వలస వచ్చిన తెలుగువారు" అన్నారు చూడండి, దాని గురించే ఈ ఉత్తరం. మా బోటివాళ్ళం ఎక్కణ్ణుంచీ వలస రాలేదు. అదెందుకు కాదో చెప్పడానికి ముందు ఒక పాత మాట చెప్తాను.

ఈస్టిండియా కంపెనీ రోజుల్లో ఇంగ్లండు నుంచి కొత్తగా ఓడ దిగిన తెల్లవాడిని ఇక్కడి పాత తెల్లవాళ్ళు గ్రిఫిన్ అని ఆటపట్టించేవారు, ఇంకా చనువైతే గ్రిఫ్. సగం గద్ద, సగం సింహంగా ఉండే ఆ కథల జంతువు పేరు వీళ్ళకెలా అంటిందో ఎవరూ తేల్చలేదు. 1886లో ఆంగ్లో-ఇండియన్ మాటలకు హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువు తెచ్చిన యూల్, బర్నెల్ (ఈ బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు మనిషే) మాత్రం, 1746-48లో ఈ సముద్రాల్లో నౌకాదళాన్ని నడిపి పెద్దగా కలిసిరాని అడ్మిరల్ గ్రిఫిన్ పేరే కారణమా అని ఒక ప్రశ్న వేసి వదిలేశారు. నాకు నమ్మబుద్ధి కాదు. కలిసిరాని అధికారి ఇంగ్లీషువాళ్ళకు ఆయనొక్కడేనా?

గ్రిఫిన్ అంటే తేలిగ్గా టోపీ వేయించుకునేవాడని కూడా. మద్రాసులో ఒడ్డున కాలు పెట్టగానే దుబాసీలు (భాష తెలిసిన మధ్యవర్తులు) చుట్టుముట్టి నౌకర్లను కుదిర్చేవారు, అప్పులిప్పించేవారు. ఆ ఒడ్డుకు చేరడమే ఒక గండం. అప్పట్లో హార్బరు లేదు, ఓడ దూరంగా ఆగేది, కెరటాలు దాటాలంటే మసూలా పడవే దిక్కు. మేకు అన్నది లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు, అలలు కొట్టినా నేలకు తగిలినా విరగకుండా వంగేది. బరంపురం దగ్గరి మా గోపాలపూర్ తీరంలోనూ అవే పడవలు. ఇక్కడి జాలర్లను ఒడియావాళ్ళు నోళియాలంటారు, వాళ్ళ ఇళ్ళలో ఈరోజుకీ తెలుగే.

ఇంతకీ గ్రిఫిన్ అనిపించుకునేది మొదటి ఏడాదే. అది గడిస్తే ఆ పేరు పోతుంది, మద్రాసు ప్రెసిడెన్సీ ఉద్యోగి అయితే "మల్" అయిపోతాడు, అంటే మలిగటానీ, మన మిరియాల చారు. అప్పట్లో మా గంజాం జిల్లా మద్రాసుదే కాబట్టి ఇక్కడి దొరలూ మల్‌లే. (గ్రిఫిన్ అన్న మాట ఇంకా చావలేదు, హాంకాంగ్ గుర్రప్పందేల్లో అంతకుముందు ఎక్కడా పరిగెత్తని కొత్త గుర్రాన్ని నేటికీ అలాగే అంటారు.)

సముద్రం దాటి వచ్చినవాడికే ఏడాదిలో కొత్తదనం తీరిపోతే, కదలకుండా ఉన్న మాకు ఎప్పుడు తీరుతుందండీ? గంజాం ఒడిశాలో కలిసింది 1936 ఏప్రిల్ 1న. మా తాతగారు పుట్టింది మద్రాసు ప్రెసిడెన్సీలో, పోయింది ఒడిశాలో, రెండూ ఒకే ఇంట్లో. వి.వి.గిరి గారు 1894లో పుట్టింది కూడా బరంపురంలోనే. పని కోసం తర్వాత వచ్చిన తెలుగువాళ్ళూ ఉన్నారు, కాదనను, వాళ్ళను వలస అంటే తప్పులేదు. అందర్నీ ఒకే గాటన కట్టడమే బాగాలేదు. ఇక్కడ ఆఫీసుల్లో "ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు?" అని అడుగుతారు, విశాఖలో పెళ్ళికి వెళ్తే "తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!" అని మెచ్చుకుంటారు, ఆ మెచ్చుకోలుకే ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు మీరు కూడానా?

ఈసారి రాసేటప్పుడు ఉత్తినే "బరంపురం తెలుగువారు" అనండి. అన్నట్టు ఊరి పేరు బరంపురమే, మీరు వేసినట్టు బెర్హంపూర్ కాదు.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా