వార్షిక నివేదిక 2024–25: మన కాలనీ వీధి చెట్లు

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మొక్కలు నాటింది తక్కువ, ఫొటోకు పనికొచ్చే పని ఇంకా తక్కువ. ఉన్న చెట్ల మొదళ్ల దగ్గర సిమెంటు పగలగొట్టడానికి, ఇంతకుముందు నాటినవాటిలో బతికిన మొక్కలకు నీళ్లు పోయడానికే ఎక్కువ రోజులు పట్టాయి. గత సర్వసభ్య సమావేశంలో అనుకున్నదీ అదే. జమాఖర్చులు ఆడిట్ పత్రంతో విడిగా పంపాం. ఇక్కడ చెట్ల మాట మటుకే.

మొదళ్లు

ఫుట్‌పాత్ వేసేవాళ్లకు కాంక్రీటు బెరడును తాకేదాకా పోయడం అలవాటైంది. ఢిల్లీ చెట్ల కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమంది. మనమూ ఆ కొలతే పట్టుకున్నాం. బ్రేకర్ మెషిన్ వాడలేదు. నీళ్లు పీల్చే సన్న వేళ్లు సిమెంటు కింద బెత్తెడు లోతులోనే ఉంటాయి, మెషిన్ వాటిని చీల్చేస్తుంది. సుత్తి, ఉలి, గునపంతోనే పని సాగింది. తర్వాత పైమట్టి గుల్ల చేసి రెండంగుళాల మందాన ఎండాకులు పరిచాం. కాండం చుట్టూ జానెడు మేర మాత్రం ఖాళీ వదిలాం, ఎందుకంటే బెరడు ఎప్పుడూ తడిగా ఉంటే కుళ్లుతుంది.

చెట్టు మొదలు దగ్గర మట్టి గుట్టగా పోయడం కూడా ఇదే తప్పు. కాండం నేలలోకి దిగేచోట వెడల్పై, పాదంలా పరుచుకుని కనిపించాలి. కరెంటు స్తంభంలా నిటారుగా దిగితే మొదలు పూడిపోయినట్టు.

ఒక కానుగకు ట్రీగార్డు ఏళ్ల తరబడి తీయకపోవడంతో కింది రింగును బెరడు మింగేసింది. లాగితే బెరడుతో సహా ఊడొస్తుంది. అందుకని బయటికి కనిపిస్తున్న ఇనుమును రెండు వైపులా హ్యాక్‌సాతో కోసి, లోపలి ముక్కను అలాగే వదిలేశాం. మొక్క నాటిన మూడో ఏటికల్లా గార్డు తీసేయాలి.

కొమ్మలు

వానలకు ముందు కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టడం ఏటా జరిగేదే. చిక్కంతా కొట్టే తీరులో ఉంది. తీగవైపే కొట్టుకుంటూ పోతే బరువంతా రోడ్డు మీదికి ఒరుగుతుంది. తల నరికేస్తే గుబురుగా వచ్చే చిగుళ్లు పైపైనే అతుక్కుని ఉంటాయి, లోపలి కలపతో పట్టుండదు. కొన్నేళ్లకు బరువెక్కి గాలికి ఊడిపడేవి అవే. ‘ప్రమాదమని నరికించాం’ అనే చెట్టే తర్వాత నిజంగా ప్రమాదమవుతుంది.

ఈసారి సంఘం తరఫున ఒకరు పక్కన నిలబడి మూడు కోతల పద్ధతి పాటింపజేశారు. మొదటి కోత కాండానికి అడుగు దూరంలో, కొమ్మ అడుగు నుంచి పైకి, మందంలో మూడో వంతు. రెండోది దానికి కాస్త అవతల, పై నుంచి. అప్పుడు కొమ్మ బెరడు చీల్చుకోకుండా రాలుతుంది. మిగిలిన మొండిని మూడో కోతతో, కాండం దగ్గరి ఉబ్బెత్తు పట్టీకి బయటగా తీయాలి. ఆ పట్టీని కోస్తే గాయం మానదు. మొండి వదిలితే అది ఎండి, కుళ్లు లోపలికి దిగుతుంది. గాయానికి తారు, రంగు పూయలేదు. చెట్టే అంచుల నుంచి కప్పుకుంటుంది. ఒక ఏడాదిలో పావు వంతుకు మించి పచ్చదనం తీయనివ్వలేదు. లో టెన్షన్ తీగల బదులు ఏబీ కేబుల్ (పైతొడుగున్న తీగల కట్ట) వేస్తే ఇంత కొట్టుడు అక్కర్లేదు. అలా వేయమని పెట్టిన అర్జీ ఇంకా పెండింగులోనే ఉంది.

వేపల గురించి ఫోన్లు చాలా వచ్చాయి. రెమ్మల చివర్లు కాలినట్టు మాడడం 2021లో తెలంగాణ అంతటా చూశాం. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని అది, తోడుగా టీ దోమ అనే రసం పీల్చే పురుగు. వానాకాలం చివర్లో మొదలై చలికాలానికి చెట్టంతా ఎండినట్టే కనిపిస్తుంది, వేసవికి చాలావరకు చిగురిస్తుంది. రెమ్మ బెరడు గోటితో గీరండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణమున్నట్టే. పూర్తిగా ఎండినా సొంతంగా నరకకండి, వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం, 2002) ప్రకారం అనుమతి ఉండాలి.

తవ్వకాలు

కేబుల్ కోసం వచ్చిన ఒక కాంట్రాక్టరు రాత్రికి రాత్రే చెట్ల వరస వెంట కాలువ తీశాడు. కాండం అడ్డుకొలతకు మూడు రెట్ల లోపల వేళ్లు తెగితే చెట్టు నిలకడకే ముప్పు. అడుగున్నర లావు చెట్టుకు అది నాలుగున్నర అడుగులు. ఆకులు పచ్చగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, నేల నానిన మొదటి గాలివానకు ఒరుగుతుంది. తెగిన వేళ్ల చివర్లు నున్నగా కోసి, అదే మట్టితో పూడ్చి, నీళ్లు పెట్టించాం. ఆ వరసను రెండు వానాకాలాలు గమనించాలి. తురాయిల మొదట్లో విసనకర్రలాంటి గట్టి పుట్టగొడుగు కనిపించినా వెంటనే చెప్పండి. లోపల వేరు కుళ్లుతోందన్నమాట.

నాటినవి

హైదరాబాద్‌లో చాలాచోట్ల రెండడుగులకే మొరం తగులుతుంది. అందులో నున్నగా తవ్విన గొయ్యి కుండలాంటిదే. వానకు నీళ్లు నిలిచి వేళ్లు ఊపిరాడక చస్తాయి. అందుకే గోతులు లోతుకన్నా వెడల్పు ఎక్కువగా, మూడడుగులు తీసి, గోడల్ని గునపంతో గరుకు చేశాం. కవరు కోసి, లోపల చుట్టలు చుట్టుకున్న వేళ్లను విడదీయడం మరిచిపోకూడదు. విడదీయకపోతే పదేళ్లకు అవే కాండాన్ని బిగిస్తాయి. తీగల కింద దేవకాంచనం, మిగతా చోట్ల కానుగ, పొగడ పెట్టాం. కోనోకార్పస్ అడిగినవాళ్లకు కుదరదన్నాం. దాన్ని నాటొద్దని 2022లో ప్రభుత్వమే చెప్పింది.

ట్యాంకరు పైపుతో పోసిన నీళ్లు సగం రోడ్డు పాలే. అడుగున చిన్న బెజ్జం పెట్టిన 20 లీటర్ల క్యాన్ మొక్క మొదట్లో ఉంచితే నీళ్లు నెమ్మదిగా ఇంకుతాయి. వేసవిలో వారానికి రెండు క్యాన్లు, మొదటి రెండు వేసవులు.

మీ గేటు ముందు చెట్టుకు ఇంకా గార్డు ఉంటే, దానికీ కాండానికీ మధ్య వేలు దూరుతుందో లేదో ఈ వారం చూడండి. హ్యాక్‌సా, గునపాలు సంఘం గదిలో ఉన్నాయి. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకెళ్లవచ్చు.

– కార్యవర్గం