టాయిలెట్ రోళ్ల లెక్క: పెద్దబిడ్డకు ఉత్తరం

చిరంజీవి పెద్దబిడ్డకు మీ నాయిన ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. అక్కడ నీవూ, అల్లుడూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను.

రెండు నెలల కిందట ఖర్చుల పట్టీ చూసి, మూడు నెలల్లో 96 టాయిలెట్ రోళ్లు ఎట్లా అయిపోయాయని నీవు అడిగావు. సాగర్ దగ్గర మన ఇంట్లో యాత్రికులకు అద్దెకు ఇచ్చే గదులు మూడు, బాత్రూములు మూడు, జనం నిండేది శని ఆదివారాలలోనే కాబట్టి, గెస్టులు సంచుల్లో వేసుకొని పోతున్నారని నీవు నిశ్చయించుకొన్నావు. ఇకమీదట బాత్రూముకు ఒక్క రోల్ మాత్రమే పెట్టమని, అడిగినవారికే రెండోది ఇవ్వమని చెప్పావు. మొన్న ఆదివారం మళ్లీ అదే అడిగితే నేను సరిగా జవాబు చెప్పలేదు. ఫోనులో ఈ మాట మొదలుపెట్టగానే నీకు మీటింగు వస్తుంది, లేకపోతే పక్కన మీ అమ్మ నవ్వడం మొదలుపెడుతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చెంబు తప్ప వేరే ఎరుగని ఇంట్లో పుట్టి, ఈ వయసులో ఇటువంటి లెక్క రాయవలసి రావడం నాకే వింతగా ఉంది. కానీ మన ఇంట్లో దిగినవారు మనకు డబ్బు ఇస్తున్నారు కనుక ఇది కూడా లెక్కే.

నీ మాట ప్రకారం ఆ తరువాతి వారం ఒక్కొక్క రోలే పెట్టించాను. హైదరాబాదు నుండి ఎనిమిది మంది, రెండు కుటుంబాలు, రెండు గదుల్లో దిగారు. నాగార్జునకొండ లాంచీ ఎక్కి, బుద్ధవనం పార్కు తిరిగి, ఎండకు అలసిపోయి రాత్రి వచ్చారు. పదకొండున్నరకు ఒక గదిలోని ఆవిడ ఫోను చేసి, ఎంతో మొహమాటపడుతూ, పేపరు అయిపోయిందని చెప్పింది. ఆ అడగడంలో ఆమెకు ఎంత సిగ్గు కలిగిందో గొంతులోనే తెలిసింది. బీరువా తాళంచెవి పనిమనిషి వెంట వెళ్లిపోయింది. ఆ వేళకు పెద్దవూరలోనూ హిల్ కాలనీలోనూ దుకాణాలు మూసి ఉంటాయి. మీ అమ్మ భోజనాల బల్ల మీద పెట్టే పేపరు నాప్కిన్ల కట్ట తీసుకొని వెళ్లి ఇచ్చింది. ఆ రెండో గది వాళ్లు మాత్రం అడగలేదు. తెల్లవారి చూస్తే తెల్ల టవలు ఒకటి పనికిరాకుండా పోయింది. ఒక రోల్ ధర రెండు మూడు చాయ్‌ల ఖరీదు. ఆ టవలు ఖరీదు పట్టీలో నీవే చూసి ఉంటావు. అడిగితే ఇద్దామనుకోవడంలోని పొరపాటు అది. మంచినీళ్లు అడిగినట్టుగా ఈ వస్తువును ఎవరూ నోరు విప్పి అడగరు.

ఆ మరునాటి నుండి నేను నోటుబుక్కు పెట్టాను. సాగర్ ఎడమ కాలువ మీద ముప్పై ఏళ్లు వర్క్ ఇన్‌స్పెక్టరుగా తిరిగినవానికి కొలిచి రాయడం తప్ప మరో విద్య ఎక్కడిది? ప్రతి గది ఖాళీ అయిన వెంటనే ఎన్ని రోళ్లు పెట్టాం, ఎన్ని అయిపోయాయి, ఎన్ని మిగిలాయి, మిగిలినవి ఏ స్థితిలో ఉన్నాయి అని రాసుకొన్నాను. ఆరు వారాలలో మొత్తం 41 రోళ్లు పెట్టాం. వాడుకలో అయిపోయినవి 19. సగం వాడి వదిలినవి 6. కనబడకుండా పోయినవి, అంటే నీవు దొంగతనం అన్నవి, 2. మిగిలిన 14 తడిసి ముద్దయి చెత్తబుట్టలో పడినవి.

తడిసినవే అన్ని ఉండడం చూసి నాకు కాలువ గుర్తుకు వచ్చింది. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన నాటి నుండి ఇంజనీర్లు చెబుతున్న మాటే ఇది: కాలువ తలుపు దగ్గర వదిలిన నీరంతా పొలానికి చేరదు, దారిలో ఊటకు కొంత, ఆవిరికి కొంత పోతుంది. చివరి భూములకు నీరు అందకపోతే ఎగువ పొలం రైతు దొంగిలించాడని అందరూ మొదట అరుస్తారు. అతడు దొంగిలించిన రోజులూ ఉన్నాయి, కాదనను. కానీ లైనింగు, అంటే కాలువ లోపల వేసిన గట్టి పూత, పగిలిన చోట పోయే నీటిని ఎవరూ తిట్టరు, ఎందుకంటే దానికి ముఖం లేదు.

మన బాత్రూముల లైనింగు ఎక్కడ పగిలిందో చెబుతాను. రోల్ స్టాండును మేస్త్రీ కమోడు పక్క గోడకు, జెట్ స్ప్రే పైపు వేలాడే కొక్కేనికి జానెడు దూరంలో బిగించాడు. పటంలో చూడడానికి అది సరైన చోటే. కానీ మనవాళ్లు ముందు నీళ్లు వాడి, తరువాత తుడుచుకోవడానికి మాత్రమే పేపరు అందుకొంటారు. ఆ తడి చేయి, ఆ పైపు చిమ్మే తుంపరలు రెండూ రోల్ మీదనే పడతాయి. స్నానం చేసే చోటుకు అడ్డం లేదు కాబట్టి పిల్లలు షవరు కింద ఎగిరితే మిగిలింది కూడా తడుస్తుంది. పేపరు సబ్బు ముక్కలా అరిగిపోదు, పైన నాలుగు పొరలు తడిస్తే లోపలి వరకు ఉబ్బుతుంది, దానిని ఎవరూ ముట్టరు. మీ అత్తగారింటి బాత్రూములో రోల్ ఎందుకు తడవదో నీవు ఎప్పుడైనా గమనించావా? అక్కడ స్టాండు మీద మూత ఉంది, పైపుకు ఎదుటి గోడ మీద ఉంది.

పేపరు కొస గోడ వైపు వేలాడాలా, మన వైపు వేలాడాలా అని పోయినసారి పిల్లలు మీ అమ్మతో వాదించారు. చిల్లుల గీతలతో చింపుకొనే రోల్‌కు సెత్ వీలర్ అనే ఆయన అమెరికాలో 1891లో తీసుకొన్న పేటెంటు బొమ్మలో కొస ముందుకే వేలాడుతుంది. పేటెంటు సంగతి ఎట్లా ఉన్నా, మన గోడ ఎప్పుడూ తడిగా ఉంటుంది కనుక ముందుకే ఉండాలి. ఇక హోటళ్లలో లాగా ఆ కొసను ముక్కోణంగా మడవమని నీవు పనిమనిషికి నేర్పావు. గది శుభ్రం చేశామని అది గుర్తు, నిజమే. బాత్రూము కడిగిన చేత్తోనే ఆ కొసను మడుస్తుంటే అది ఏం శుభ్రమని మీ అమ్మ అడుగుతోంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఇక ఎన్ని పెట్టాలన్నది. ముందు రోల్ అంటే ఎంతో తేల్చుకోవాలి. కవరు మీద పుల్స్ అని ఒక అంకె ఉంటుంది, అది అందులోని ముక్కల సంఖ్య. ముక్క దాదాపు 10 సెంటీమీటర్ల పొడవు అనుకొంటే 160 పుల్స్ ఉన్న రోల్ 16 మీటర్లు, 300 ఉన్నది 30 మీటర్లు. నీవు ఆన్‌లైన్‌లో చౌకగా ఉందని పంపించిన పన్నెండు రోళ్ల కట్టలో నడిమి అట్టగొట్టం లావు, పేపరు పలుచన. పలుచని పేపరును జనం ఒకటికి నాలుగు మడతలు వేసి వాడతారు. రోల్ ధర కాదు, మీటరు ధర చూడు. రెండు పొరలది చాలు, మూడు పొరలది మన ట్యాంకుకు మంచిది కాదు.

నేను నిశ్చయించిన పద్ధతి ఇది: ప్రతి బాత్రూములో స్టాండుకు కొత్తది ఒకటి, కంటికి కనబడే అలమారలో కవరు విప్పనిది ఒకటి. మూడో రాత్రి ఉండేవారికి, లేదా ఒకే బాత్రూమును నలుగురికి మించి వాడే చోట, ఇంకొకటి. ఇవి కాక వరండా బీరువాలో నాలుగు ఎప్పుడూ ఉంటాయి, దానికి తాళం ఉండదు, ఆ సంగతి గదిలో అంటించిన కాగితం మీద రాసి ఉంటుంది. తాళం లేకపోతే ఎత్తుకొనిపోతారని నీవు అంటావు. వారబందీ, అంటే కాలువ నీటిని వంతుల ప్రకారం వదలడం, పెట్టినప్పుడు, తన వంతు మళ్లీ వస్తుందో రాదో తెలియని రైతే మడి మునిగేదాకా నీళ్లు పెట్టుకొంటాడు. 2020 మార్చిలో కరోనా భయంతో అమెరికాలో, ఆస్ట్రేలియాలో జనం దుకాణాల్లోని టాయిలెట్ పేపరంతా ఎత్తుకొనిపోయిన సంగతి నీవే నాకు ఫోనులో చూపించావు. ఒక్క రోల్ చూసిన గెస్టుకు కూడా అట్లాంటి భయమే కలుగుతుంది, రెండోది ఎదురుగా ఉంటే కలగదు. అట్లాగని పది రోళ్ల కట్ట బాత్రూములో పెట్టమని కాదు, అంత చూస్తే అద్దాలూ బూట్లూ కూడా దానితోనే తుడుస్తారు.

గెస్టును బట్టి కొంత మారుతుంది. మన తెలుగు కుటుంబం నలుగురు రెండు రాత్రులు ఉంటే, తడవకుండా ఉన్న పక్షంలో, 160 పుల్స్ రోల్‌లో సగం దాటదు. చంటిపిల్లలుంటే ముక్కులూ మూతులూ తుడవడానికే అంత అవుతుంది. విదేశీయులు అనగానే రెట్టింపు అనుకోకు. బుద్ధవనం 2022లో తెరిచిన తరువాత వచ్చిన వారిలో థాయ్‌లాండ్ వారు మనలాగే పైపు వాడతారు; యూరపు నుండి వచ్చిన దంపతులు మాత్రం మూడు రాత్రులలో రోలున్నర పూర్తిచేశారు. బుకింగు వచ్చినప్పుడు ఎందరో, ఎన్ని రాత్రులో నాకు ముందుగా పంపితే చాలు. ఎన్ని రోళ్లు ఉన్నా బకెట్టూ మగ్గూ తీసివేయవద్దు. కరెంటు పోయి బోరు మోటారు ఆగిపోయి పైట్యాంకు అడుగంటిన రోజున జెట్ స్ప్రే ఉత్త పైపే.

ఆ రాత్రి మీ అమ్మ ఇచ్చిన నాప్కిన్ల కథ ఇంకా ముగియలేదు. నెల తిరగకముందే కమోడులో నీరు వెనక్కి తన్నింది. సెప్టిక్ ట్యాంకు బండిని పిలిపిస్తే పైన తెట్టెలో ఆ నాప్కిన్లూ, చంటిపిల్లల తడి వైప్సూ చెక్కుచెదరకుండా తేలుతున్నాయి. ట్యాంకులో బరువైనది అడుక్కు దిగి కుళ్లుతుంది, తేలికైనది పైన తెట్టె కడుతుంది, నడిమి నీరు ఇంకుడు గుంతకు పోతుంది. టాయిలెట్ పేపరు నీటిలో పీచుపీచుగా విడిపోయేటట్టు తయారుచేస్తారు. నాప్కిన్లూ, చేతులు తుడిచే టిష్యూలూ తడిసినా చిరగకూడదని తయారుచేస్తారు. రెండు మూడేళ్లకు ఒకసారి తీయించవలసిన ట్యాంకును మనం పదకొండు నెలలకే తీయించాం. ఇప్పుడు కొత్త రకం కొన్నప్పుడల్లా రెండు ముక్కలు నీళ్ల సీసాలో వేసి గట్టిగా ఊపి చూస్తున్నాను. నీవు పంపిన చౌక రకం, దానిని తిట్టినందుకు చెప్పాలి, ఊపగానే విడిపోయింది. మూడు పొరల పూల పేపరు చాలాసేపు ముక్కలుగానే ఉంది. ప్రతి బాత్రూములో కాలితో తొక్కితే తెరుచుకొనే మూతబుట్ట పెట్టాను, ప్యాడ్లు చుట్టడానికి కాగితపు కవర్లు దాని పక్కనే ఉన్నాయి.

సగం వాడిన రోళ్లను కొత్త గెస్టుకు పెట్టవద్దన్న నీ నియమం మంచిదే. పనిమనిషి వాటిని పారవేస్తోందని ఇన్నాళ్లు నాకు తెలియదు. ఇప్పుడు అవి మన ఇంటి చేతులు కడిగే తొట్టి దగ్గరకు వస్తున్నాయి. గోదాములో నేల మీద పెట్టిన కట్టను ఎలుకలు పీచు చేసి గూడు కట్టాయి కాబట్టి నిలువ అంతా ఇనుప బీరువాలోకి మార్చాను.

దసరాకు వచ్చేటప్పుడు మూత ఉన్న స్టాండ్లు మూడు తీసుకొనిరా. మెరిసే స్టీలువి వద్దు, మన బోరు నీళ్లకు ఏడాదిలో తెల్ల మచ్చలు పడతాయి, ప్లాస్టిక్‌వి చాలు. లోపలి వెడల్పు 12 సెంటీమీటర్లకు తగ్గకుండా చూడు, లేకపోతే పెద్ద రోల్ పట్టదు. స్క్రూలు నా దగ్గర ఉన్నాయి. పక్కింటివారి డ్రిల్లింగ్ మిషన్ అడిగి పెట్టాను, పండుగ తెల్లవారి ఎదుటి గోడకు మనిద్దరం బిగిద్దాం.

ఇట్లు
మీ నాయిన